నాలుగవ పాలు

ఏబదియవ ఏట, నడుము వంగుట లేదను భయముతో యోగాభ్యాసమునకు దిగిన నావంటివానికి తొలుత కలుగు సందేహము ఆసనమును గూర్చి కాదు, అన్నమును గూర్చియే. మా పేటలో ఉదయమున అభ్యాసము చేయించు పెద్దమనిషి మొదటినాడే "పరగడుపున రావాలండీ" అని చెప్పియుండెను గాని, ఒక ఆదివారమునాడు నేను ఆ మాటను లక్ష్యపెట్టక, రెండు పెసరట్లను ఉప్మాతో సహా ఆరగించి, గంట గడవకమునుపే హలాసనమునకు పూనుకొంటిని. కాళ్లు తలమీదుగా పోయి నేలను తాకులోపలనే అల్లపుపచ్చడి గొంతులోనికి వచ్చి నిలిచెను. నిండిన జీర్ణకోశమును మడచి, నొక్కి, పైగా తలక్రిందు చేసినచో లోపలిది అన్నవాహికలోనికి ఎగదన్నక మానదనియు, నిండు భోజనమునకును ఆసనమునకును నడుమ మూడు నాలుగు గంటలైనను ఉండవలెననియు ఆయన బోధించెను. అనుభవము పాఠము చెప్పిన పిమ్మట చెప్పినందున ఆ బోధ చక్కగా తలకెక్కెను.

ఆ మధ్యాహ్నమే స్వాత్మారాముని హఠయోగప్రదీపికను తెరచితిని. 15వ శతాబ్దినాటి ఆ గ్రంథమున యోగికి పథ్యమైనవియు అపథ్యమైనవియు వేరువేరుగా చెప్పబడియున్నవి. వరి, గోధుమ, యవలు, అరువదినాళ్లకు పండు ధాన్యము, పాలు, నెయ్యి, తేనె, శొంఠి, పెసలు, ఐదు విధముల ఆకుకూరలు పథ్యములు. ఆ కూరలలోని పునర్నవ మన గలిజేరే యనియు, మత్స్యాక్షి మన పొన్నగంటియే యనియు తెలిసి, గట్లవెంట ఊరక దొరకుదానిని ఏనాడో మరచితిమి గదా యని ఒకింత సిగ్గుపడితిని. అటుపిమ్మట అపథ్యముల వరుసకు వచ్చితిని. మద్యమాంసములు సరే సరి. పులుపు, ఉప్పు, కారము, నూనె, నువ్వులు, ఆవాలు, ఇంగువ, వెల్లుల్లి, ఉలవలు, రేగుపండ్లు, తెలకపిండి, పెరుగు, తుదకు మజ్జిగ! ఒక్క ఆవకాయజాడీని ముందు పెట్టుకొన్నచో ఈ పట్టికలో సగము అందే దొరకును. ఉలవచారు పోయెను, తెలకపిండికూర పోయెను, ఇంగువపోపు పోయెను. ఎవరో పనిగట్టుకొని తెలుగు వంటయింటిపై వ్యాజ్యము వేసినట్లు నాకు తోచెను. ఇంతకును ఆ మహానుభావుడు మిరపకాయను ఎరుగడు. అది 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన తరువాత పోర్చుగీసువారి ఓడలలో ఈ దేశమునకు వచ్చినది. మిరియపు ఘాటునకే అంతగా జంకినవాడు గుంటూరు మిరపకాయను కొరికియున్నచో గ్రంథమున ఇంకొక అధ్యాయము చేరియుండెడిది.

పదునైదు దినములు ఆ పట్టికను తు.చ. తప్పక పాటించితిని. నేయియు పెసరకట్టును గూడి ఉదరమును శాంతింపజేసెను గాని మనస్సు శాంతింపలేదు. కన్నులు మూసి ధ్యానమునకు కూర్చున్నచో మాగాయ కనబడుచుండెను. ఒక పెండ్లివిందున ఏ వంటకమున ఇంగువ పడినదో అడిగి అడిగి వడ్డించువారిని విసిగించితిని. అది చూచి ప్రక్క విస్తరినుండి మా అక్కగారు "జ్వరమేమైనా తగిలిందట్రా, పథ్యం చేస్తున్నావు?" అని పరామర్శించిరి.

మరల ఆ గ్రంథమే నన్ను గట్టెక్కించెను. యోగమును చెరచు ఆరింటిని స్వాత్మారాముడు ఒకచోట లెక్కించినాడు. అందు మొదటిది అత్యాహారము. నాలుగవది నియమాగ్రహము, అనగా నియమమును పట్టుకొని వ్రేలాడుట. మితిమీరి తినువానిని, ఏమి తినరాదోయని దినమెల్ల తలపోయువానిని ఆయన ఒకే పంక్తిని కూర్చుండబెట్టినాడు. పాలు నెయ్యి అభ్యాసారంభమున శ్రేష్ఠమనియు, అభ్యాసము గట్టిపడిన పిదప అట్టి పట్టు అక్కరలేదనియు మరియొకచోట తానే సడలించినాడు. ఉపవాసాదులచే దేహమును బాధించుటయు ఆయనకు సమ్మతము కాదు. ప్రదీపికకు తరువాతిదైన ఘేరండసంహిత ఒంటిపూట భోజనమును సైతము వలదన్నది. బరువు తగ్గుటకై యోగమును, లంఖణమును ఒక్కమారే మొదలుపెట్టు నేటి యువకులకు ఈ మాట ఎవరైనను చెప్పిన బాగుండును.

మితాహారమునకు ప్రదీపిక ఇచ్చిన లక్షణమున వస్తువుల పట్టికయే లేదు. స్నిగ్ధమును మధురమును అగు ఆహారమును నాలుగవ పాలు విడిచి భుజింపవలెను. కడుపున సగము అన్నమునకు, ఒక పాతిక నీటికి, కడపటి పాతిక వాయుసంచారమునకు అని ఘేరండుడు దానిని విప్పి చెప్పినాడు. ఆ కడపటి పాతికయే తెలుగువానికి కష్టము. పప్పునకు, కూరకు, పచ్చడికి, పులుసునకు, చారునకు వేరువేరుగా అన్నము కలుపుకొనుచు పోవు మన భోజనక్రమమున, చారు వచ్చుసరికే కడుపు చాలునని చెప్పివేసినను, పెరుగన్నము తినక లేచినచో భోజనము చేసినట్లే కాదు గనుక, వాయువునకై ఉంచవలసిన చోటున పోయి ఆ పెరుగన్నము కూర్చుండును. నేను మజ్జిగను విడువలేదు, గ్రంథకర్త క్షమించుగాక. కాని దాని చోటును ముందుగనే కట్టిపెట్టితిని. అన్నమంతయు ఒక్కమారే వడ్డించుకొని, మజ్జిగకు ఒక ముద్దను ప్రక్కకు త్రోసి, మిగిలినదానినే తక్కిన ఆధరువులకు పంచుకొనుచున్నాను. మారువడ్డన లేదు. నాలుగు మాసములలో అన్నము తగ్గి కూర పెరిగెను. హలాసనమున కాలివ్రేళ్లు నేలను తాకుచున్నవి.

చల్లారినదానిని మరల వేడిచేసి తినరాదను నిషేధమును మాత్రము విడువక పట్టుకొంటిని. ఫ్రిజ్జులోని మూడునాళ్ల సాంబారు మా ఇంట ఇప్పుడు లేదు. చద్దన్నమును ఎవరును వేడిచేయరు గనుక అది ఈ నిషేధమునకు లోబడదని నా వాదము. మా గురువుగారు ఇంకను ఒప్పుకొనలేదు.

మా అక్కగారింట ఈ లెక్కలేవియు సాగవు. విస్తరికి చేయి అడ్డుపెట్టినను వ్రేళ్లసందున వడ్డింపగల నేర్పు ఆమెది. అట్టి దినములలో సాయంకాలపు ఆసనములు మాని, చెరువుకట్టవరకు మెల్లగా నడచి వచ్చుచున్నాను.