తక్కువ డబ్బుతో కంప్యూటర్ కట్టించే నేర్పు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపు షాపూ తిరిగి, స్నేహితుడి కోసం విడిభాగాలు ఏరేవాళ్లంటే నాకు గొప్ప గౌరవం. వాళ్ల పనితనం మొదటి ప్రశ్నల్లోనే తెలుస్తుంది: "దీంతో ఏం చేస్తావురా? మీ ఊళ్లో కరెంటు ఎలా ఉంటుంది?"

ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని తర్రెం లాంటి మారుమూల ఊరికి వెళ్లే కంప్యూటర్‌కైతే రెండో ప్రశ్నే ప్రాణం. అందుకే మెరిసే క్యాబినెట్ వద్దని, ఆ డబ్బు మంచి పవర్ సప్లైకీ యూపీఎస్‌కీ పెడతారు.

రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకుంటే గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది, కార్డు ఖర్చు తప్పుతుంది. కానీ ఆ గ్రాఫిక్స్ బతికేది ర్యామ్ మీదే. 16 జీబీది ఒక్కటి కాకుండా 8 జీబీవి రెండు వేయిస్తే డేటాకు రెండు దారులు దొరికి ఆటలు బాగా నడుస్తాయి. నన్ను అన్నిటికన్నా ముగ్ధుణ్ణి చేసేది ఇంకొకటి. బీ450 మదర్‌బోర్డు పాత స్టాకైతే, 2021లో వచ్చిన ఈ ప్రాసెసర్‌ను బయోస్ అప్‌డేట్ చేస్తేగానీ గుర్తుపట్టదు; తెర నల్లగానే ఉంటుంది. తెలిసినవాళ్లు బిల్లు రాయకముందే ఆ మాట అడిగి, అప్‌డేట్ అక్కడే చేయించి, కళ్లారా చూశాకే డబ్బులిస్తారు.