రాగం కంటే ముందు మాట

పద్యనాటకం పాడే నటుడికి స్వరకర్త ఉండడు. ఇటలీ ఒపేరా గాయకుడి చేతికి వచ్చే కాగితం మీద స్వరాలు ముందే రాసి ఉంటాయి. మన నటుడికి కవి ఇచ్చేది ఛందస్సు ఒక్కటే. ఏ రాగం ఎత్తుకోవాలో, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తుంచాలో అతనే తేల్చుకోవాలి. బందా కనకలింగేశ్వరరావు గొప్పతనం నాకు అక్కడే కనబడుతుంది.

1907లో కృష్ణా జిల్లాలో పుట్టిన బందా న్యాయశాస్త్రం చదివి ఏలూరులో ప్లీడరు అయ్యారు. ఆ ఊళ్లోనే ప్రభాత్ థియేటర్ అనే నాటక సమాజం పెట్టారు. అప్పట్లో గణపవరం, తాడేపల్లిగూడెం, కొల్లేటి చుట్టుపట్ల ఊళ్లలో నాటకమంటే పద్యమే. మైకుల్లేని కాలం. పందిరి చివర కూర్చున్నవాడికీ అందాలంటే హార్మోనియం మీద పై శ్రుతి పట్టాలి. పద్యం ముగిశాక రాగం ఎంత సాగితే అంత ‘వన్స్‌మోర్’. పోనుపోను రాగం పెరిగింది, మాట నలిగింది.

ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. అయితే తెలుగు పద్యంలో మాట తరచు పాదం చివర ఆగదు. సగం ఈ పాదంలో, సగం కింది పాదంలో పడుతుంది. పాదాంతాన రాగం అందుకుంటే ఆ మాట రెండు ముక్కలవుతుంది. వినేవాడికి గొంతు మిగులుతుంది, కృష్ణుడు దుర్యోధనుడితో ఏమన్నాడో మిగలదు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ పర్వ నాటకాల్లో ఇది మరీ పెద్ద నష్టం. ఆ పద్యాలు నడిచేదే సంభాషణలా కనక.

బందా పద్యాన్ని అర్థం నడిచే దారినే నడిపించారు. వాక్యం పూర్తయ్యేదాకా గొంతు ఆగదు. రాగం భావానికి సరిపడా ఉంటుంది, అంతకు మించదు. శ్రీకృష్ణుడు, బాహుకుడు, ‘చింతామణి’లో బిల్వమంగళుడు ఆయనకు పేరు తెచ్చిన వేషాలు. బిల్వమంగళుడు కష్టమైన పాత్ర. మోహంలో మునిగినవాడే చివరికి విరక్తుడు కావాలి. గమకాల జోరు మీద దాన్ని గట్టెక్కించలేం. ‘వన్స్‌మోర్’ కేకలకు లొంగి ఆలాపన పెంచడం చాలా తేలిక. దాన్ని కాదనుకోవడానికి గుండె ధైర్యం కావాలి. ఈలపాట రఘురామయ్య గారి రాగాలు నాకూ ప్రాణమే. కానీ పద్యం అర్థమై కళ్లు చెమర్చడం వేరు.

సినిమాలూ చేశారు. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో కృష్ణుడు ఆయనే, బళ్లారి రాఘవ దుర్యోధనుడు. ఆ చిత్రం ఆడలేదు. 1942లో ‘బాలనాగమ్మ’లో కనిపించారు. తరవాత విజయవాడ ఆకాశవాణిలో నాటకాల బాధ్యత చూశారు. కిరీటం, వేషం ఏమీ కనబడని చోట మాట ఒక్కటే నిలబడాలి. ఆయన పద్ధతికి అంతకంటే తగిన చోటు ఏముంటుంది? 1964లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 1968లో కన్నుమూశారు.

కూచిపూడికి ఆయన చేసిన సేవ గురించి ఎక్కువమందికి తెలుసు. అక్కడ సిద్ధేంద్ర కళాక్షేత్రం ఏర్పడటానికి పాటుపడ్డారు, ఆ నాట్యానికి శాస్త్రీయ గౌరవం దక్కాలని వాదించారు. ప్లీడరు గారికి నాట్యంతో పనేమిటని అనిపించవచ్చు. భామాకలాపంలో సత్యభామ ఆడుతూ తన దరువు తానే పాడుతుంది, మధ్యలో మాట్లాడుతుంది. పాట, మాట, అభినయం అక్కడ విడివిడిగా ఉండవు. పద్యంలో ఆయన నిలబెట్టడానికి పోరాడిందీ అదే.