మూల దగ్గరే ఉంది గుట్టు

ఆ గదిలోకి వెళ్లాలంటే తల వంచాలి. ద్వారబంధం అంత పొట్టి. సామాను మోసుకొచ్చిన కుర్రాడు ‘మేడమ్, తల జాగ్రత్త’ అనేలోపే నేను వంగి లోపలికి వెళ్లిపోయాను. చిన్నప్పుడు శ్రీకాకుళం దగ్గర మా అమ్మమ్మగారి చుట్టింట్లోకి రోజుకి ఇరవైసార్లు అలాగే దూరేదాన్ని. నలభై ఏళ్ల తర్వాత, ఎక్కడో హిమాచల్ కొండల్లో, నడుముకి ఆ అలవాటు గుర్తొచ్చింది.

కుల్లూ జిల్లా బంజార్‌కి కాస్త పైన, ఆపిల్ తోటల మధ్య ఆరే గదులున్న హోటల్ అది. చండీగఢ్ నుంచి మనాలీ రోడ్డు పట్టుకుని, మండీ దాటాక ఔట్ సొరంగం ముందు కుడికి తిరిగితే తీర్థన్ నది పక్కనుంచి దారి. పొడుగునా వాలు మీద సన్నటి కాంక్రీటు స్తంభాలు దింపి లేపిన నాలుగంతస్తుల, ఐదంతస్తుల హోటళ్లే. చూస్తుంటే గుండె జారుతుంది. ఈ ఆరు గదుల ఇల్లు మాత్రం కొండని పట్టుకుని కూర్చున్నట్టు ఉంది. దేవదారు దూలాలూ రాళ్లూ వరస మార్చి వరస పేర్చి కట్టారు. ఇక్కడ దీన్ని కాఠ్‌కుణీ అంటారు. కాఠ్ అంటే కర్ర, మన కాష్ఠమే. కుణీ అంటే మూల, మన కోణమే. ఆ మాట వినగానే అర్థమైపోయింది నాకు.

మూడు రాత్రులు అక్కడ ఉన్నాను. మొదటి రాత్రి వాన. పైకప్పు పలకరాళ్ల మీద చినుకుల చప్పుడు వింటూ, మంచం పక్క గోడ వంకే చూస్తూ పడుకున్నాను. ఆ గోడకి గచ్చు లేదు, సున్నం లేదు, రంగు లేదు. కర్ర, రాయి, కర్ర, రాయి. కప్పు దాకా లెక్కపెడితే పదమూడు వరసలు తేలాయి. రెండు రాళ్ల సందులో చిటికెనవేలు పెట్టి చూశాను. మట్టి కూడా తగల్లేదు. ఉత్త రాయి మీద ఉత్త రాయి. వేలు బయటికి తీసి వాసన చూస్తే దేవదారు. ఆ చెక్కలోని నూనెకి చెదలు చేరవని, తడి తగలకుండా చూసుకుంటే వందల ఏళ్లు ఉంటుందని మర్నాడు తెలిసింది.

మర్నాడు వరండాలో పుచ్చిన పలక మార్చడానికి ఒక పెద్దాయన వచ్చారు. డెబ్బై ఏళ్లుంటాయి. నెత్తిన కుల్లూ టోపీ, చేతిలో ఉలి, పక్కన పాత బాడిస. ఈ ఇల్లు కట్టిన ముగ్గురు మిస్త్రీలలో ఆయన ఒకరు. నేను ఆయన పక్కనే ఒక దుంగ మీద కూర్చుండిపోయాను. ఆ పూట చూద్దామనుకున్న జలపాతం అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

గోడ ఎలా కడతారో ఆయన చెక్క ముక్కలు పేర్చి చూపించారు. ముందు నేల మట్టానికి పైకి రాతి అరుగు లేపాలి. కర్రకి చెమ్మ ఎక్కకూడదు. దాని మీద గోడ బయటి అంచున ఒక దూలం, లోపలి అంచున ఒక దూలం. మధ్య ఖాళీలో చిన్న రాళ్లు కూరాలి. దూలాలు రెండూ విడిపోకుండా అక్కడక్కడ అడ్డంగా ఒక చెక్క ముక్క పడుతుంది. రెండు కొసలా వెడల్పు, నడుం సన్నం, డమరుకం లాంటిది. దాన్ని మాన్వీ అంటారు. ఆ పైన ఒక వరస రాయి, మళ్లీ దూలాలు. మూల దగ్గరికి వచ్చేసరికి ఈ గోడ దూలం మీదికి ఆ గోడ దూలం ఎక్కుతుంది, రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు. అక్కడ కర్ర మేకు దిగుతుంది. దాని పేరు కడిల్. ఇనుప మేకు పని లేదు.

ఆయన ఆ కర్ర మేకు చెక్కుతుంటే కళ్లార్పకుండా చూశాను. కొస దగ్గర నాలుగు పలకలుగా తీశారు. కన్నంలో పెట్టి చేత్తో నొక్కితే సగం దాకా వెళ్లి ఆగింది. బయటికి తీసి, ఎక్కడ రాసుకుని మెరిసిందో ఎండలో తిప్పి చూసి, అక్కడ మాత్రం ఒక్క పొర లేపారు. ఉల్లిపొర కంటే పల్చన. మళ్లీ పెట్టి, చెక్క సుత్తితో మూడు దెబ్బలు వేశారు. మొదటి రెండు దెబ్బలకీ బోలు చప్పుడు. మూడో దెబ్బకి గొంతు మారింది. ఆయన వెంటనే సుత్తి కింద పెట్టేశారు. కంటితో కాదు, చెవితో తెలిసింది ఆయనకి పని అయిందని.

‘చాచాజీ, కాస్త సిమెంటు పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?’ నా అరకొర హిందీలో అడిగాను.

‘మరీ గట్టిగా ఉంటే విరుగుతుంది తల్లీ. కదలనివ్వాలి. కదిలి, మళ్లీ తన చోట కూర్చోవాలి’ అన్నారు.

ఇందులో పెద్ద ఇంజినీరింగ్ ఉంది. భూమి ఊగినప్పుడు మధ్యలో సిమెంటు లేని రాళ్లు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడిలోనే ఊపు చాలామటుకు చచ్చిపోతుంది. గోడ చుట్టూ తిరిగిన దూలాలు రాళ్లని చెదరనివ్వవు. మన ఇళ్లకి కిటికీల పైన లింటెల్ బ్యాండ్ ఒకటి వేస్తాం కదా, భూకంపాలొచ్చే చోట్ల అది తప్పనిసరిగా వేయమని ఇంజినీర్లు చెబుతారు. కాఠ్‌కుణీలో ప్రతి రాతి వరసకీ ఒక బ్యాండ్ ఉన్నట్టే. పైకి పోయేకొద్దీ రాయి తగ్గి కర్ర పెరుగుతుంది. అడుగు బరువు, పైన తేలిక. పాతకాలం ఇళ్లలో కింద పశువులు, పైన మనుషులు. పశువుల ఒంటి వేడి నేల చెక్కల్లోంచి పైకి వచ్చి చలి కాచేది.

1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపం వచ్చింది. 20 వేల మందికి పైగా పోయారు. బంజార్ దగ్గర చెహనీ అనే ఊళ్లో కాఠ్‌కుణీ పద్ధతిలో కట్టిన ఎత్తయిన బురుజు ఉంది, చెహనీ కోఠీ అంటారు. దాని పై అంతస్తులు ఆ భూకంపంలోనే పోయాయని ఊరివాళ్లు చెబుతారు. మిగిలింది ఇప్పటికీ కొండ మీద నిటారుగా నిలబడి ఉంది. రెండో రోజు నడిచి వెళ్లి చూశాను. పైకెక్కడానికి మెట్లు చెక్కిన ఒకే ఒక్క దుంగ. దిగువన బాగీలో శృంగ ఋషి గుడి ఉంది. దశరథుడి చేత పుత్రకామేష్టి చేయించిన మన ఋష్యశృంగుడే ఆయన అని ఇక్కడి నమ్మకం. ఆ బురుజు మూల దగ్గర నిలబడి, పైకి, దూలాల కొసలు ఒకటి ఇటు, ఒకటి అటు పేర్చుకుంటూ పోయిన తీరు చూశాను. మెడ నొప్పెట్టే దాకా చూశాను.

ఈ పద్ధతికి ఏ లోపమూ లేదనను. కొండే జారితే కాఠ్‌కుణీ కూడా ఆగదు. 2023 ఆగస్టులో ఇదే జిల్లాలోని ఆనీలో భవనాలు ఒకదాని వెంట ఒకటి కూలిన వీడియో మీరూ చూసి ఉంటారు. అలాంటి నేల మీద ఏది కట్టినా తప్పే. ఇక నిప్పంటే ఈ కర్ర ఇళ్లకి ప్రాణభయం. 2008లో ఇదే జిల్లాలోని మలాణా ఊరు అంటుకున్నప్పుడు ఇళ్లూ గుళ్లూ చాలా బూడిదయ్యాయి. అందుకే మా హోటల్లో గదికొక అగ్నిమాపక సిలిండర్ ఉంది. దాన్ని చూసి ఈ యజమానికి పని తెలుసనుకున్నాను.

మా హోటల్ డిజైన్ గురించీ చెప్పాలి. రెండేళ్ల కిందట మరో కొండ ఊళ్లో, డిజైన్ హోటల్ అని గొప్పగా చెప్పుకునే చోట దిగాను. పేరు అనవసరం. నేల నుంచి కప్పు దాకా గాజు గోడ. సాయంత్రం దాకా బాగానే ఉంది. చీకటి పడ్డాక రెండు హీటర్లు పెట్టినా పళ్లు టకటకలాడాయి. తెల్లారేసరికి అద్దం మీద చెమ్మ ధారలు కట్టి, పరుపు అంచు తడిసిపోయింది. ఈ బంజార్ ఇంట్లో కిటికీలు చిన్నవి. గోడ నడుమ పెద్ద కన్నం పెడితే దూలాల కట్టు తెగిపోతుందని ఆర్కిటెక్ట్‌కి తెలుసు. అందుకని గోడ మందంలోనే ఒక అరుగు చేసి కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. గోడ మూరెడు పైనే ఉంటుంది కాబట్టి అందులో ఒక మనిషి కాళ్లు ముడుచుకుని హాయిగా పడతాడు. కొండని చూడాలంటే అక్కడికి పోయి కూర్చోవాలి. నాకు నచ్చిందది. స్నానాలగదులు ఇంటి వెనక విడిగా రాతితో కట్టి, చిన్న నడవతో కలిపారు. నీళ్ల గొట్టం ఒక్కటీ దేవదారు గోడలోంచి పోదు. పశువులుండాల్సిన కింది అంతస్తులో వంటిల్లు పెట్టారు. పొద్దున్నే పొయ్యి వెలిగిందంటే నా గది నేల చెక్కలు వెచ్చబడేవి. కాసేపటికి సిడ్డూ ఆవిరి వాసన. అక్రోటు పప్పు కూరి ఆవిరి మీద ఉడికించి, నెయ్యి పోసి పెడతారు. మన కుడుములకి పెద్దన్న.

మూడో రోజు మిస్త్రీగారు చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇంత దేవదారు ఎక్కడిదని అడిగాను. అడవిలో చెట్టు కొట్టడానికి కట్టుదిట్టాలున్నాయి, కొత్త కర్ర కొనాలంటే మామూలు రైతు వల్ల కాదు. ఇదంతా పాత ఇళ్లు విప్పిన కర్ర అన్నారు. విప్పిన ఆ ఇళ్ల చోట ఏం లేచిందో అడగక్కర్లేదు. రోడ్డు పొడుగునా చూసిందే. అంటే నేను మురిసిపోయిన పదమూడు వరసలూ ఎవరి ఇంటివో. ఆ ఇంటివాళ్లు ఇప్పుడు స్లాబు కింద చలికి వణుకుతుంటే, డబ్బిచ్చి నేను వాళ్ల గోడ పక్కన పడుకున్నాను. ఇది హోటలాయన తప్పని అనలేను. ఆయన కొనకపోతే ఆ కర్ర పొయ్యిల్లోకి పోయేది. ముగ్గురు మిస్త్రీలకి రెండేళ్లు పని దొరికింది, ఇద్దరు కుర్రాళ్లు ఆ పని నేర్చుకున్నారు. అయినా పల్లెలో ఇల్లు కట్టుకునేవాడికి అందని విద్య హోటళ్లలో మాత్రమే బతికితే అది సగం బతుకే. ఆ దేవదారు ఊరివాళ్లకి అందే ధరకి దొరికే దారి ప్రభుత్వమే చూడాలి. ఈలోగా మిస్త్రీగారి సొంత కొడుకే మనాలీలో టాక్సీ నడుపుతున్నాడు.

మా అమ్మమ్మ ఇల్లు మట్టి గోడల మీద తాటాకు కప్పు. గుండ్రం. ఉత్తరాంధ్ర తీరంలో తుపాను గాలి ఏ వైపునుంచి కొట్టినా పట్టుకోవడానికి దానికి మూల దొరకదు, చుట్టూ జారి పోతుంది. ఆ హిమాచల్ కొండల్లో భూమి ఊగుతుంది కాబట్టి మూలని బిగించారు. మా తీరంలో గాలి కొడుతుంది కాబట్టి మూలే లేకుండా చేశారు. కట్టినవాళ్లు ఇద్దరూ బడికి పోయినవాళ్లు కాదు, ఇద్దరికీ తమ చోటు ఏం చేస్తుందో తెలుసు. చుట్టింటికీ నిప్పంటే భయమే. అమ్మమ్మ దీపం ఆర్పాకగానీ పడుకునేది కాదు. తర్వాత మావయ్యలు దాన్ని పడగొట్టి డాబా వేశారు. ఏటేటా తాటాకు మార్చే మనుషులు దొరకలేదు, వాళ్లని తప్పు పట్టను. కానీ ఆ ఇల్లు కట్టిందెవరో నేనెప్పుడూ అడగలేదు. అడగడానికి ఇప్పుడు అమ్మమ్మ లేదు.

అరకులో, లంబసింగిలో ఇప్పుడు రిసార్టుల మీద రిసార్టులు లేస్తున్నాయి. కాంక్రీటు కట్టి, పైన వెదురు బద్దలు అతికించి పల్లె ఇల్లు అంటున్నారు. గది తీసుకునే ముందు ఒకసారి గోడ మూల దగ్గరికి వెళ్లి చూడండి, వేలితో తట్టి వినండి. అసలుదో అతికించిందో అక్కడ తెలిసిపోతుంది. ఈ గోడ ఎవరు కట్టారని యజమానిని అడగండి. పేరు చెప్పగలిగినవాడికి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా పరవాలేదు.

ఇంకో మాట. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో మీకు తెలిసిన చుట్టిల్లు ఇంకా నిలబడి ఉంటే, అది కట్టిన మనిషి పేరు కనుక్కుని నాకు రాయండి. ఊరి పేరు, వీలైతే ఇంటి వయసు కూడా. వచ్చినవన్నీ ఈ కాలమ్‌లోనే వేస్తాను.