దూరదర్శినికి ఎంత వేగం కావలె?

కంటికి బదులు కెమెరాను అమర్చి, ఆకాశాన్ని తెరమీద చూపే పద్ధతి పాఠశాలలకు మిక్కిలి అనువైనది. నలభైమంది పిల్లలు ఒక్కొక్క నిమిషం చొప్పున అక్షికటకంలోకి చూస్తే, చివరివాని వంతు వచ్చేసరికి ఆకాశం పది డిగ్రీలు తిరిగిపోతుంది. తెర అయితే అందరికీ ఒకేసారి. వానకాలం వెళ్లిన తరువాత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో తేటగా ఉండే రాత్రులకు కొదవ లేదు.

అయితే ఇందుకు పరావర్తన దూరదర్శినిని ఎన్నుకొనేవారికి ఒక సలహా తరచు వినబడుతుంది: ఎఫ్ సంఖ్య ఎంత తక్కువైతే అంత మంచిదని. ఇందులో సగం నిజం ఉన్నది. పాఠశాల డబ్బును పాడుచేసేది మిగిలిన సగం.

దర్పణపు నాభ్యంతరాన్ని దాని వ్యాసంతో భాగించగా వచ్చేది ఎఫ్ సంఖ్య. 150 మిల్లీమీటర్ల దర్పణానికి నాభ్యంతరం 600 అయితే అది ఎఫ్/4. 1200 అయితే ఎఫ్/8. రెండూ పోగుచేసే కాంతి ఒక్కటే. కాని మొదటిదానిలో నీహారిక ప్రతిబింబం పొడవులోను వెడల్పులోను సగమవుతుంది కనుక, కెమెరాలోని ఒక్కొక్క గడికి నాలుగు రెట్లు కాంతి చేరుతుంది. దీనినే ఫోటోగ్రాఫర్ల భాషలో వేగం అంటారు. ఓరియన్ నీహారిక కొద్ది సెకన్లలో తెరమీదికి రావడం ఈ వేగం వల్లనే. అయితే ఊరి దీపాల వెలుగు కూడ అదే లెక్కన నాలుగు రెట్లవుతుంది. నీహారికకు, దాని వెనుకనున్న ఆకాశానికి గల తేడా ఏమీ పెరగదు. గద్వాల నడిబొడ్డున మేడమీద పెట్టిన పెద్ద పరికరానికి దొరకనిది, నల్లమల అంచున చీకటిలో చిన్నదానికి దొరకవచ్చు.

వేగానికి చెల్లించవలసిన మూల్యం వేరే ఉన్నది. ప్రతిబింబం స్ఫుటంగా ఉండే లోతు ఎఫ్/8లో సుమారు 0.17 మిల్లీమీటరు, ఎఫ్/4లో 0.04 మాత్రమే. పాలమూరు నేల పగలు కాగి రాత్రి చల్లబడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే 600 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం 0.07 మిల్లీమీటరు కుదించుకుంటుంది. అంటే సాయంకాలం సరిచేసిన ప్రతిబింబం భోజనాల వేళకే మసకబారుతుంది. ఎండలో ఉంచిన పరికరాన్ని వెంటనే వాడబోయేవారికి ఈ చిక్కు మరింత ఎక్కువ.

ఇక కోమా దోషం. అక్షానికి దూరంగా ఉన్న నక్షత్రాలకు తోకచుక్కల వలె తోకలు మొలుస్తాయి. తెరకు మధ్యనుంచి 3 మిల్లీమీటర్ల దూరంలో, పై ఎఫ్/4 దర్పణంలో ఈ తోక సుమారు 12 కోణీయ సెకన్లు. అంతే వ్యాసంగల ఎఫ్/5లో 6. సవరించే కటకం దొరుకుతుంది గాని, దానికి వేరే ఖర్చు.

తమిళనాడులోని కావలూరులో 1986 నుండి పనిచేస్తున్న వేణు బప్పు దూరదర్శిని దర్పణం 2.34 మీటర్లది, ఎఫ్/3.25. అంతటి పరికరంలో కూడ ప్రధాన నాభివద్ద సవరణ కటకాలు తప్పలేదు. మరొక రకం పనులకు కాసెగ్రేన్ నాభివద్ద అదే దర్పణాన్ని ఎఫ్/13గా వాడుతారు. పనిని బట్టి వేగం గాని, వేగాన్ని బట్టి పని కాదు. ఆ పరికరానికి పేరైన బప్పు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివినవాడు.

కెమెరా పరిమాణాన్ని చాలమంది మరచిపోతారు. 4.8 మిల్లీమీటర్ల వెడల్పుగల చిన్న గ్రాహకం 600 మిల్లీమీటర్ల నాభివద్ద అర డిగ్రీకి తక్కువగానే చూడగలదు. పూర్ణచంద్రుడు సైతం అందులో ఇమడడు! మే నెల నడుమ రాత్రి పది గంటల ప్రాంతంలో దక్షిణాన 26 డిగ్రీల ఎత్తున నిలిచే ఒమెగా సెంటారి తారాగుచ్ఛం కూడ అంచులు దాటిపోతుంది. లండనువారికి అసలే కనిపించని ఈ గుచ్ఛాన్ని మన పిల్లలకు చూపకపోతే, దూరదర్శిని కొన్న ప్రయోజనమేమిటి? పెద్ద గ్రాహకమో, తక్కువ నాభ్యంతరమో కావలె. శనిగ్రహానికి మాత్రం ఇందుకు విరుద్ధం. పొడవైన నాభ్యంతరమే మేలు.

అన్నిటికంటె అన్యాయం జరిగేది పీఠానికి. మోటారు లేని పీఠంమీద ఖగోళ మధ్యరేఖ వద్దనున్న నక్షత్రం ఈ చిన్న తెరను రెండు నిమిషాలలోపే దాటిపోతుంది. పీఠపు అక్షాన్ని ధ్రువునివైపు నిలపాలంటే, ఇక్కడ ధ్రువుడు ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. ఒక వేపచెట్టు చాలు మరుగుపరచడానికి. కనుక స్థలాన్ని ముందుగా చూసుకోవలె. 200 మిల్లీమీటర్ల ఎఫ్/4ను బలహీనమైన పీఠంమీద ఎక్కించడంకంటె, 130 లేక 150 మిల్లీమీటర్ల ఎఫ్/5ను మోటారుగల గట్టి పీఠంమీద నిలపడం మేలు.

కొనేముందు పరీక్షించవలసినది మరొకటి ఉన్నది. కంటితో చూడడానికి చేసిన న్యూటన్ పరికరాలు కొన్నిటిలో ప్రతిబింబం గొట్టానికి దగ్గరగా ఏర్పడి, కెమెరా గ్రాహకం దానిని అందుకోలేదు. ప్రధాన దర్పణాన్ని కొద్దిగా ముందుకు జరపవలసి వస్తుంది. అందుచేత తమ కెమెరాను వెంట తీసుకొనిపోయి, రాత్రిపూట ఒక నక్షత్రాన్ని తెరమీద బిందువుగా చేసి చూచిన తరువాతనే డబ్బు చెల్లించవలె.