పాత గారల విశ్లేషణ, పునఃసృష్టి: ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• పాత గారను విశ్లేషించే ముఖ్య పద్ధతుల బలాన్ని, పరిమితులను వివరించగలుగుతారు.
• ఒక విశ్లేషణ నివేదికలోని నిష్పత్తిని విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.
• మరమ్మతు గారను ఏ ప్రమాణాలతో అంచనా వేయాలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

రాళ్లను, ఇటుకలను కలిపిపట్టే మిశ్రమాన్ని ఈ పాఠంలో గార అంటున్నాం. గోడపైన నున్నగా పూసేది గచ్చు. గోల్కొండను 1518 నుంచి 1687 వరకు పాలించిన కుతుబ్‌షాహీల సమాధులలో ఈ రెండింటికీ సున్నమే ఆధారం. 20వ శతాబ్దంలో మరమ్మతుల పేరిట ఆ కట్టడాలపై సిమెంటు పొరలు వేశారు. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి చేపట్టిన పరిరక్షణలో, ఆ సిమెంటును తొలగించి మళ్లీ సున్నపు పూత వేయడం ముఖ్యమైన పని అయింది. ఒక తరం చేసిన మరమ్మతును మరో తరం ఊడబెరకవలసి వచ్చిందన్నమాట.

దీనికి కారణం గట్టిదనాన్నే మంచి గారకు గుర్తుగా భావించడం. సిమెంటు పూత గట్టిదే, కాని లోపలి తేమను ఆవిరిగా తేలికగా బయటికి పోనివ్వదు. పగుళ్లలోంచి దిగిన వాననీరు లోపలే నిలుస్తుంది. నీటిలో కరిగిన లవణాలు స్ఫటికాలుగా మారి, మెత్తని పాత గారను పొడిపొడి చేస్తాయి. గ్రానైటు రాయి దీన్ని తట్టుకోవచ్చు. రాళ్ల మధ్యనున్న సున్నం, గచ్చులో తీర్చిన నగిషీ తట్టుకోలేవు. పోయిన నగిషీ తిరిగి రాదు. కాబట్టి పాత గారలో ఏముందో తెలుసుకొని, దానికి పొందికైన గారను తయారుచేసుకోవాలి. అయితే విశ్లేషణ ఇచ్చే జవాబును ఎంతవరకు నమ్మవచ్చు?

2. ఆమ్ల పరీక్ష: అంకెల వెనుక ఊహలు

1756లో ఎడిస్టోన్ దీపస్తంభం నిర్మాణానికి పూనుకున్న జాన్ స్మీటన్, సున్నపురాళ్లను నత్రికామ్లంలో కరిగించి మిగిలిన మడ్డిని పరిశీలించాడు. బంకమట్టి కలిసిన సున్నపురాయి నుంచి వచ్చే సున్నానికి నీటిలో గట్టిపడే గుణం ఉందని గ్రహించాడు. నేడు పాత గారకు చేసే ఆమ్ల పరీక్షలోనూ సూత్రం ఇదే. గారను పలుచని హైడ్రోక్లోరికామ్లంలో వేస్తే సున్నం కరుగుతుంది, ఇసుక మిగులుతుంది. ఖర్చు తక్కువ. ఇసుక రంగు, రేణువుల పరిమాణం కంటికి కనిపిస్తాయి. ఇది ఈ పద్ధతి బలం.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. 100 గ్రాముల గారలో 70 గ్రాములు మిగిలి, 30 గ్రాములు కరిగాయనుకుందాం. కరిగినదంతా కాల్షియం కార్బొనేట్ అయితే, అది 22.2 గ్రాముల తడిపిన సున్నానికి సమానం. అంటే బరువును బట్టి సున్నం, ఇసుకల నిష్పత్తి సుమారు 1:3.

ఇక్కడ రెండు ప్రమాదాలు పొంచి ఉన్నాయి. మొదటిది కొలతకు సంబంధించినది. మేస్త్రీ తూచడు, తట్టతో కొలుస్తాడు. పొడి సున్నం మిల్లీలీటరుకు 0.55 గ్రాములు, ఇసుక 1.55 గ్రాములు తూగుతాయనుకుంటే, అదే గార తట్టల లెక్కలో దాదాపు 1:1 అవుతుంది. నివేదికలో ‘బరువును బట్టి’ అన్న మాట రాయకపోతే, మేస్త్రీ ఒక తట్ట సున్నానికి మూడు తట్టల ఇసుక వేస్తాడు. పాత గారలో ఉన్న సున్నంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే కొత్త గారలో ఉంటుంది.

రెండోది ఇసుకకు సంబంధించినది. పాత గారలో సున్నపురాతి నలుసులు ఉంటే అవీ ఆమ్లంలో కరిగిపోతాయి. కరిగిన 30 గ్రాములలో 10 గ్రాములు అలాంటి నలుసులైతే, అసలు నిష్పత్తి బరువును బట్టి 1:5.4. పరీక్ష సరిగానే జరిగింది, తప్పింది దాని వెనకున్న ఊహ.

3. సూక్ష్మదర్శిని చూపేది

గారను 0.03 మిల్లీమీటర్ల పలుచని పొరగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తే సున్నపురాతి నలుసులు, సుర్ఖీ అంటే ఇటుక పొడి, రంధ్రాలు, పగుళ్లు వేటికవి కనిపిస్తాయి. అందుకే ఆమ్ల పరీక్షకు ముందే ఈ పరిశీలన జరగాలి.

గారలో కనిపించే తెల్లని సున్నపు గడ్డలే ఇందుకు మంచి ఉదాహరణ. రోమన్ గారలలోని ఈ గడ్డలను చాలాకాలం సరిగా కలపకపోవడం వల్ల వచ్చిన లోపంగా భావించారు. ఇటలీలోని ప్రివెర్నమ్ నగర ప్రాకారం గారపై 2023లో వెలువడిన అధ్యయనం మరో వివరణ ఇచ్చింది. కాల్చిన సున్నాన్ని తడపకుండానే మిశ్రమంలో కలిపి, వేడి మీద గార చేశారనడానికి ఆ గడ్డలే ఆధారమని వాదించింది. నమూనాను నూరి ఆమ్లంలో వేస్తే ఈ ఆధారం మాయమవుతుంది. గారలో ఏమున్నదన్నది ఎంత ముఖ్యమో, ఎలా కలిపారన్నదీ అంతే ముఖ్యం.

4. బెల్లం, కరక్కాయ: సంప్రదాయ వాదం

ప్రయోగశాల అంకెలను నమ్మనివారు సంప్రదాయ దినుసులను ఆశ్రయిస్తారు. బెల్లం, కరక్కాయ నీళ్లు, మినుములు, కోడిగుడ్డు తెల్లసొన కలిపితే చాలు, పాత గార తిరిగి వస్తుందంటారు. ఈ వాడుకను కొట్టిపారేయనవసరం లేదు. ఇటువంటివి గార పనితనాన్ని, గట్టిపడే తీరును మార్చగలవు. కాని ఒక కట్టడంలో వాడినవే అన్నిటిలో వాడారని చెప్పలేం. పైగా సేంద్రియ పదార్థాలు కాలక్రమంలో శిథిలమవుతాయి. పరీక్షలో బెల్లం ఆనవాలు దొరకనంత మాత్రాన బెల్లం వాడలేదని తేల్చలేం. వాడారని ఊహించి కలపడమూ సరికాదు. సున్నం నాణ్యత, ఇసుక ఎంపిక, గానుగలో నూరడం, పూత ఆరకుండా తడపడం వంటి వాటిని వదిలేసి, దినుసుల జాబితాను పట్టుకోవడం ఈ వాదంలోని బలహీనత.

5. పునఃసృష్టికి కొలబద్ద

పాత గార కూర్పును అచ్చుగుద్దినట్టు తిరిగి తేవడమే లక్ష్యమా? పాత మేస్త్రీ చేసిన గార కూడా కొన్నిచోట్ల నాసిరకంగా ఉండవచ్చు. పైపొరలోని సున్నం వానలకు కరిగిపోయి ఉండవచ్చు. అలాంటి నమూనాను అనుకరిస్తే లోపాన్నే అనుకరించినట్టు. కాబట్టి కొత్త గార పాత గోడతో కలిసి ఎలా మెలగుతుందన్నదే కొలబద్ద కావాలి. అది పక్కనున్న పాత పదార్థం కన్నా గట్టిగా ఉండకూడదు. తేమను బయటికి పోనివ్వాలి. దెబ్బతినవలసి వస్తే ముందుగా తానే దెబ్బతినాలి. దాన్ని మళ్లీ వేసుకోవచ్చు.

నమూనా పలకలను కనీసం ఒక వానాకాలం పరిశీలించడం మంచిది. గాలిలో గట్టిపడే సున్నపు గారను సిమెంటులాగా 28 రోజుల బలంతో తూచడం న్యాయం కాదు, దానికి నెలలు పడుతుంది. 1964 నాటి వెనిస్ ఒడంబడిక 12వ అధికరణం చెప్పినట్టు, లోపించిన భాగాల స్థానంలో చేర్చినవి మొత్తంలో ఇమిడిపోవాలి, అయినా అసలు భాగాల నుంచి వేరుగా గుర్తించగలిగేలా ఉండాలి. అందుకే ఎక్కడ, ఎప్పుడు, ఏ గార వేశారో రాసి ఉంచాలి.

6. సారాంశం

విశ్లేషణ గార నేటి స్థితిని చెబుతుంది. నాటి తయారీ విధానం మనం దాని నుంచి చేసే అనుమానం మాత్రమే. ఆమ్ల పరీక్ష, సూక్ష్మదర్శిని, మేస్త్రీ అనుభవం ఒకదాన్నొకటి సరిదిద్దినప్పుడే ఆ అనుమానం నమ్మదగినదవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 100 గ్రాముల గారలో 75 గ్రాములు కరగకుండా మిగిలాయి. నిష్పత్తిని లెక్కగట్టి, మీరు చేసిన ఊహలను పేర్కొనండి.
2. ‘గట్టి గారే మంచి గార’ అన్న అభిప్రాయాన్ని కుతుబ్‌షాహీ సమాధుల ఆధారంగా విమర్శించండి.
3. మీ ఊరి పాత గుడి, మసీదు లేదా బురుజుపై జరిగిన ఒక మరమ్మతును పరిశీలించి, పక్కనున్న పాత గార స్థితిని పది వాక్యాలలో వివరించండి.