కిణ్వన పాఠములో కొలత ఏది?

ఉన్నత పాఠశాలలలో కిణ్వనమును బోధించు పద్ధతి ఏండ్ల తరబడి ఒకే తీరున సాగుచున్నది. చక్కెర నీటిలో ఈస్టు కలుపుదురు. వెలువడు వాయువును సున్నపు తేటలోనికి పంపుదురు. తేట పాలవలె తెల్లబడును. ఆల్కహాలు, కార్బన్ డై ఆక్సైడు ఏర్పడినవని సమీకరణము వ్రాసి పాఠము ముగింతురు. ఇందులో అబద్ధమేమియు లేదు. కాని ఎంత పులిసినది, ఎప్పుడు ముగిసినది అను ప్రశ్నలు పుట్టకమునుపే పాఠము ఆగిపోవుచున్నది. బుడగయే కొలత అను అపోహ విద్యార్థికి మిగులుచున్నది.

ములుగు జిల్లా ఏటూరునాగారం ప్రాంతపు విద్యార్థికి పులియుట క్రొత్త సంగతి కాదు. ఎండిన ఇప్పపూవు బరువులో ఇంచుమించు సగము చక్కెరలే. పూవును కుండలో నానవేసి, కొన్నాళ్లు పులియనిచ్చి, బట్టీ పెట్టుట కోయ పల్లెలలో పాత వాడుక. పొంగు తగ్గినదా, బుడగలు ఆగినవా అని చూతురు. అక్కడ ఆ గుర్తు చాలును. తొందరపడినచో సారా కొంత తగ్గును, అంతే. తాటికల్లు చెట్టుమీది కుండలోనే పులియ నారంభించును. ఐతే అది బిరడా బిగించి దాచెడి వస్తువు కాదు.

బీరు అట్లు కాదు. దానిని సీసాలో నింపి మూత బిగింతురు. లోపల చక్కెర మిగిలియున్నచో పులియుట ఆగదు, వాయువునకు దారి ఉండదు. ఇంట బీరు చేసికొనుటకు చట్టము అనుమతించు దేశములలో అందుకే హైడ్రోమీటరు వాడుదురు. చక్కెర కరిగిన నీరు బరువైనది. ఆల్కహాలు నీటికంటె తేలిక. కనుక పులిసిన కొలది విశిష్ట గురుత్వము తగ్గును. 1.045 వద్ద మొదలైన బీరు 1.010 దాపులకు వచ్చి నిలుచును. వరుసగా రెండు మూడు దినములు అదే అంకె వచ్చిన పిమ్మటనే సీసాలు నింపుదురు.

1.020 వద్దనే మూత బిగించినచో ఏమగును? గురుత్వము 0.001 దిగినప్పుడెల్ల లీటరు ద్రవమునుండి సుమారు అరలీటరు వాయువు పుట్టును. 0.010 దిగినచో ఐదు లీటర్లు. మామూలు బీరులో ఉండునది రెండున్నర లీటర్లే. 30 డిగ్రీల వేడిలో ఆ ఐదు లీటర్లు కలిగించు పీడనము ఏడెనిమిది వాతావరణములకు చేరును. సీసా పగిలి గాజు ముక్కలు ముఖమున తగులుట ఇట్లే జరుగును.

బుడగలనా నమ్ముట? పులియుట ముగిసిన తరువాతకూడ పగటి వేడికి కరిగిన వాయువు బయటపడుచుండును. మూత సందునుండి వాయువు పోవుచున్నచో, పులియుచున్నను గొట్టములో బుడగ కనబడదు. పరికరమును సైతము గ్రుడ్డిగా నమ్మరాదు. 20 డిగ్రీలకు గుర్తులు పెట్టిన హైడ్రోమీటరు 35 డిగ్రీల వద్ద 0.004 తక్కువ చూపును. పై లెక్కలో అది లీటరుకు రెండు లీటర్ల వాయువు! దానికి బుడగలు అంటుకొన్నచో పైకి తేలి ఎక్కువ చూపును.

పాఠశాలకు హైడ్రోమీటరు లేదను సాకు చెల్లదు. లవాజియే 1789లో ప్రకటించిన గ్రంథమున కిణ్వనమును త్రాసుతోనే పరిశీలించెను. మేడారం జాతరలో ‘బంగారము’గా సమర్పించు బెల్లమే 10 గ్రాములు నీట కరగించి, ఈస్టు కలిపి, ఫ్లాస్కు మూతిని దూదితో మూసి దినదినము తూచవచ్చును. తగ్గిన బరువు బయటికి పోయిన వాయువుది. ఆవిరియగు నీటిని లెక్కించుటకు ప్రక్కన వట్టి నీటి ఫ్లాస్కును ఉంచవలెను. పోయిన వాయువు బరువును 46/44 చేత గుణించినచో ఏర్పడిన ఆల్కహాలు తెలియును.

సమీకరణము ప్రకారము 10 గ్రాముల శుద్ధమైన చక్కెర 5 గ్రాములకు కొంచెము పైన బరువు కోల్పోవలెను. బెల్లము అంత కోల్పోదు. అందు తేమ, లవణములు ఉన్నవి. అదియు గాక, చక్కెరలో కొంత భాగము గ్లిజరాలుగను సక్సినిక్ ఆమ్లముగను మారునని పాస్చరు చూపెను. నల్లబల్లమీది సమీకరణములో ఇవేవియు లేవు.

లైసెన్సు లేక మద్యము చేయుట నేరము కనుక, తూకము ముగియగానే ఉపాధ్యాయుడు ఫ్లాస్కులోని ద్రవమును పారబోయవలెను.