దీవికి పోయే జట్టు

మిర్చి కల్లాలు ఎత్తేసి, సీడ్ పత్తి లెక్కలు తేలి, చేతిలో నాలుగు పైసలు ఆడే రోజుల్లో కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డలో దోస్తుల జట్లకు కాళ్లు నిలవవు. ఒకప్పుడు జీపు మాట్లాడుకుని మంత్రాలయమో శ్రీశైలమో పోయొస్తే అదే పెద్ద యాత్ర. తర్వాత గోవా వచ్చింది. ఇప్పుడు మా మానవపాడు టీ కొట్ల దగ్గర అండమాన్ మాట వినిపిస్తోంది. శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో పోర్ట్ బ్లెయిర్. మా ఊరి నుంచి శంషాబాద్ చేరడానికీ దాదాపు అంతే పడుతుంది. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు గానీ, టికెట్లు మాట్లాడుకునే వాళ్ల నోట ఇంకా పాత పేరే నలుగుతోంది.

మా పదో తరగతి బ్యాచ్ కూడా ఆ దారి పట్టింది. రైతులు, ఒక టీచరు, ఒక కిరాణా కొట్టాయన, హైదరాబాద్‌లో కారు నడిపే ఒకడు, నేను. నెలనెలా తలా ఇంత అని చీటీలా వేసి, ఆ డబ్బుతోనే పోయాం. పోయొచ్చాక నాకు అర్థమైంది ఏమిటంటే, నలుగురు కలిసి తిరగడం ఒక విద్య. దీవికి పోవడం ఆ విద్యలో పై తరగతి.

ఎందుకంటే నేల మీద తిరిగే జట్టు ఎప్పుడైనా విడిపోవచ్చు. గోవాలో ఒకడికి కోపం వస్తే బస్సెక్కి ఇంటికొస్తాడు. అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో అలిగినవాడు ఎక్కడికి పోతాడు? జెట్టీ దగ్గర మొదలైన రోడ్డు పన్నెండు కిలోమీటర్లు పోయి రాధానగర్ బీచ్‌లో ఇసుకలో కలుస్తుంది. మళ్లీ పడవ వచ్చేదాకా కోపం ఉన్నా అదే గది, అదే ముఖాలు. ఆ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. స్వరాజ్యం దేశానిదే తప్ప టూరిస్టుది కాదని అక్కడికి చేరిన మొదటి పూటే తెలిసిపోతుంది.

ముందు పైసల సంగతి. స్నేహాలు చెడేది సముద్రంలో కాదు, బిల్లు దగ్గర. మా లెక్క కిరాణా కొట్టాయన చేతిలో పెట్టాం. ఆయన పొడుగాటి ఖాతా పుస్తకంలో పేజీకి మూడు గీతలు కొట్టాడు. గది, పడవ, తిండి ఉమ్మడి ఖాతాలో. మందు తాగేవాళ్లది వేరే వరుస. స్కూబా, ముత్యాల దండలు, ఇంటికి కొన్నవి ఎవరివి వాళ్లకే. రోజూ పడుకునే ముందు ఆ రోజు ఖర్చంతా పైకి చదివేవాడు. ‘కొబ్బరి బోండాలు ఎన్ని? ఎవడు రెండు తాగిండు?’ అని అడిగితే నవ్వుకునేవాళ్లం. కానీ ఆ చదవడంలోనే కిటుకుంది. రాత్రికి రాత్రి చదివిన లెక్క మీద తగాదా రాదు. ఇల్లు చేరాక చదివే లెక్కలో ప్రతివాడికీ ఏదో ఒకటి తప్పు కనిపిస్తుంది. జట్టులో పైసలు తక్కువున్నవాడు తన వరుస ఖాళీగా ఉన్నా తలెత్తుకుని కూర్చోవడానికి ఆ మూడు గీతలే ఆసరా అయ్యాయి.

తర్వాత టైము సంగతి. మానవపాడు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరుంది, హావ్‌లాక్ 93 దగ్గర. పదిహేను డిగ్రీలంటే సూర్యుడి లెక్కలో ఒక గంట. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. అందుకే అక్కడ వేసవిలో ఐదు కాకముందే తెల్లారుతుంది, చలికాలంలో సాయంత్రం ఐదు దాటితే పొద్దు వాలిపోతుంది. తొమ్మిదికి లేచి టిఫిన్ చేసి పదకొండుకు బయల్దేరే జట్టు అక్కడ సగం రోజు పోగొట్టుకుంటుంది. మాలో పొలం పనికి అలవాటైన వాళ్లు నాలుగున్నరకే లేచి కూర్చున్నారు. పట్నం నుంచి వచ్చినవాణ్ని లేపడం పెద్ద పనైంది. ‘ఏంరా, బర్రెలు విడువాల్నా?’ అని వాడు దుప్పటి ముసుగేశాడు. పడవ ఎక్కే రోజు మాత్రం ఆ ఆటలు సాగలేదు. టికెట్ల మీద పేరు పేరునా రాసి ఉంటుంది. గుర్తింపు కార్డు చూస్తారు. టైముకు గేటు మూస్తారు. టీ తాగొస్తానన్నవాడి కోసం ఆపే కండక్టరు అక్కడ లేడు.

అన్నిటికంటే గట్టిగా నేర్పింది ఆటుపోట్లు. నీల్ దీవిలో, అంటే ఇప్పటి షహీద్ ద్వీప్‌లో, సముద్రం తొలిచిన రాతి వంతెన ఒకటుంది. పోటు తగ్గినప్పుడే దాని కిందికి నడిచి పోగలం. పగడపు రాళ్ల మడుగుల్లో చిన్న చేపలు, పీతలు కాళ్ల ముందే కనిపిస్తాయి. పోటు ఎక్కితే ఆ దారంతా నీళ్ల కిందికి పోతుంది. నిన్న పదింటికి నడిచాం కదా అని ఇవాళా అదే టైముకు పోతే కుదరదు. పోటు రోజుకు ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అక్కడి గైడు ముందు ఫోన్‌లో పోటు పట్టిక చూసి, ఆ తర్వాతే మన ప్లాను అడుగుతాడు.

ఇది మాకు కొత్తగా అనిపించలేదు. నీళ్ల కోసం ఆగడం మాకు పుట్టుకతో వచ్చింది. కాగితం మీద 87,500 ఎకరాల ఆయకట్టున్న రాజోలిబండ డైవర్షన్ స్కీమ్ (ఆర్డీఎస్) కాలువ చివరి ఊళ్ల రైతుకు నీళ్లంటేనే ఎదురుచూపు. అటు కృష్ణ మీద ఆల్మట్టి, నారాయణపూర్ వదిలితే జూరాల నిండుతుంది. జూరాల గేట్లెత్తితే బీచుపల్లి మెట్లు మునుగుతాయి. మా దగ్గర నీళ్లు ఎప్పుడొస్తాయో ఇంజనీరును అడగాలి. అక్కడ చంద్రుణ్ని అడగాలి. ఇద్దరిలో చంద్రుడే మాట తప్పడు.

సముద్రం పక్కన పెడితే, దీవి చూడాలంటే మేము విమానం ఎక్కనక్కర్లేదు. గద్వాల మండలంలోనే కృష్ణ రెండు పాయలుగా చీలిన చోట గుర్రంగడ్డ ఉంది. అక్కడ పొలాలున్నాయి, బడి ఉంది, ఓట్లున్నాయి. ఎన్నికలప్పుడు పోలింగ్ సిబ్బంది పెట్టెలు పట్టుకుని పడవ ఎక్కి పోయే ఫొటో పేపర్లలో చూసే ఉంటారు. పైనుంచి వరద వదిలిన రోజుల్లో ఆ ఊరికి రాకపోకలు బంద్. నెలలు నిండిన ఆడమనిషి ఉన్న ఇల్లు వానాకాలం మొదట్లోనే ఒడ్డున చుట్టాల ఇల్లు చూసుకోవాలి. మేము వేలకు వేలు పోసి కొనుక్కున్న ‘చుట్టూ నీళ్లు’ వాళ్లకు ఊరికే వచ్చింది. ఆ ఊరివాళ్లు ఏళ్లుగా వంతెన అడుగుతూ వచ్చారు. మేము వంతెన లేని చోటు వెతుక్కుంటూ పోయాం.

కృష్ణ దాటించే గుండ్రటి పడవ, పుట్టిని దగ్గర్నుంచి చూడండి. వెదురు బద్దలను గుండ్రంగా అల్లి, అంచుకు లావు బద్ద కట్టి బిగిస్తారు. పూర్వం దానికి తోలు తొడిగేవారు. తర్వాత ప్లాస్టిక్ పట్టా చుట్టి, అడుగున తారు పూయడం వచ్చింది. ఇప్పుడు ఫైబర్ పుట్లూ తిరుగుతున్నాయి. దానికి ముందూ వెనకా లేదు. ఒక్క తెడ్డుతో, నీళ్లను తన వైపు లాక్కున్నట్టు వేస్తూ, అది గిరగిరా తిరగకుండా తీసుకుపోవాలి. ఎక్కేటప్పుడు పుట్టి నడిపే ఆయన చూసేది మనుషుల బరువునే. ‘అన్నా, నువ్వు ఇట్ల కూసో. నువ్వు గా పక్కకు. నిలవడొద్దు.’ లావాటివాళ్లు ఎదురెదురుగా, పిల్లలు నడుమ. అక్కడ సర్పంచైనా, పంతులైనా ఆయన చూపించిన చోటే కూర్చోవాలి. సెల్ఫీ కోసం ఒకడు లేచాడంటే అందరి ప్రాణం వాడి కాళ్ల కింద ఉన్నట్టే.

ఆ క్రమశిక్షణే మాకు హావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లోనూ పనికొచ్చింది. స్నార్కెలింగ్‌కు కళ్లూ ముక్కూ కప్పే అద్దం పెడతారు. గొట్టం పళ్లతో కరిచి నోటితోనే గాలి పీల్చాలి. నడుముకు ఎండు సొరకాయలు కట్టుకుని బావిలో ఈత నేర్చిన మా రైతు దోస్తులే మొదట తడబడ్డారు. ఈత వచ్చినవాడు చేతులాడిస్తాడు, ముక్కుతో గాలి తీయబోతాడు, అద్దంలోకి నీళ్లొస్తాయి. ఈత రాని టీచరు మాత్రం గైడు చెప్పినట్టు రబ్బరు ట్యూబు పట్టుకుని, శవంలా తేలుతూ, పగడాలన్నీ చూసొచ్చాడు. నీళ్లతో కొట్లాడనివాడికి నీళ్లు చూపించేది ఎక్కువ. ఆ పగడాల్లో చాలాచోట్ల రంగు పోయింది. సముద్రం వేడెక్కితే పగడం తెల్లబోతుంది. 2010లో, 2016లో అండమాన్‌లో అట్లా పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. చచ్చిన పగడం ముక్కైనా జేబులో వేసుకుని రాకూడదు. విమానాశ్రయంలో సంచులు చూస్తారు.

పోర్ట్ బ్లెయిర్‌లో మాకు భాష ఇబ్బంది లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లు అక్కడ చాలామంది. ఆటోవాడు తెలుగు, చేపలమ్మే ఆమె తెలుగు. కానీ మాట పడిపోయిన చోటు ఒకటుంది, సెల్యులర్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. ఏడు రెక్కల్లో మిగిలింది మూడే. దాదాపు 700 ఒంటరి గదులు. ఒక రెక్క గదుల ముందు భాగం పక్క రెక్క వీపును చూసేట్టు కట్టారు. ఖైదీ ఎదుటి ఖైదీ ముఖం చూడకూడదని, సైగ చేసుకోకూడదని. అంటే ఆ కట్టడం పనే స్నేహం కుదరకుండా చూడడం. మన్యం తిరుగుబాటులో అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారినీ ఆ దీవికే పంపారు. గోడ లేకపోయినా పారిపోలేని చోటని తెల్లవాడు ఎంచుకున్న నీళ్లవి. ఆ నీళ్లలోనే మేము ట్యూబులేసుకుని ఆడి వచ్చాం.

అందుకే నాకు తోచింది ఇది. దీవి సుఖమూ శిక్షా ఒకే సంగతి నుంచి వస్తాయి. మనకు ఇష్టమైనప్పుడు బయటపడలేకపోవడమే ఆ సంగతి. మనసైనవాళ్లతో, తిరిగొచ్చే టికెట్టు జేబులో ఉండి ఆగితే అది సెలవు. ఆ టికెట్టు సముద్రం చేతిలో ఉందని మర్చిపోతేనే కష్టం. 2016 డిసెంబర్‌లో తుపాను వాతావరణానికి హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా టూరిస్టులు చిక్కుకుపోయారు. నేవీ ఓడలు పోయి తీసుకురావలసి వచ్చింది. మాకూ తెలుసు ఆ పాఠం. 2009 అక్టోబర్‌లో కృష్ణా, తుంగభద్ర రెండూ ఒక్కసారే పొంగినప్పుడు ఇక్కడ ఊళ్లకు ఊళ్లే దీవులయ్యాయి. అలంపురం, రాజోలి, మా మండలంలో ఏటి ఒడ్డు ఊళ్లు ఆ నీళ్లను ఇంకా మర్చిపోలేదు.

ఇంత తెలిసినవాళ్లం నీటి దగ్గర ఎట్లా ఉంటాం? అండమాన్‌లో లైఫ్ జాకెట్ లేనిదే చిన్న పడవ కదలదు. మా జట్టులో ఎవరూ గొణగకుండా తొడుక్కున్నారు. అదే మనుషులు కృష్ణ ఒడ్డున సోమశిలలో, జూరాల దగ్గర, చేపలు వేయించుకు తిన్న ఊపులో, జాకెట్ ఇస్తే ‘మనం ఈతొచ్చినోళ్లమే’ అని పక్కన పడేస్తారు. అసలు జాకెట్లే లేని పడవా ఎక్కేస్తారు. 2007 జనవరిలో కొల్లాపూర్ వైపు మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. అందులో ఈత వచ్చినవాళ్లు లేరా? పరాయి సముద్రానికి ఇచ్చిన మర్యాద ఇంటి ఏటికి ఇవ్వకపోవడం మనకున్న పాత జబ్బు.

ఈ వేసవికి జట్టు కడుతున్న తమ్ముళ్లకు నా మాట. టికెట్ల కంటే ముందు లెక్క రాసేవాణ్ని తేల్చుకోండి. పొద్దున లేపేవాణ్ని తేల్చుకోండి. నీళ్ల మీద ఉన్నంతసేపు పడవ నడిపేవాడి మాటే చివరి మాట అని అందరితో ఒప్పించుకోండి. తిరుగు విమానానికి ముందు ఒక పూర్తి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేట్టు చూసుకోండి, సముద్రం ఎదురు తిరిగితే ఆ రోజే కాపాడుతుంది. హావ్‌లాక్‌లో అయినా, సోమశిలలో అయినా, గుర్రంగడ్డ పుట్టిలో అయినా జాకెట్ లేని పడవ ఎక్కకండి. ఎక్కుదామని దోస్తు బలవంతం చేస్తే, ఆ ఒక్కసారికి దోస్తు మాట వినకండి.